పిల్లతో పంపిన కోళ్ళు

వడమాలపేట,
జూన్ 1995.

నాగరత్నమ్మ వదినకు, గురవమ్మ దండాలు.

నందినినీ కోళ్ళనూ మీ ఇంటికి భద్రంగా చేర్చానని మీ తమ్ముడు చెప్పాడు. బస్సులో ఎవరో కోళ్ళ గంప మీద కాలు పెట్టారని మీ మేనకోడలు పెద్ద పోట్లాట పెట్టుకుందట. మనుషుల ముందు నోరు విప్పని పిల్ల, కోళ్ళ జోలికి వస్తే మాత్రం ఎవరినీ లెక్కచేయదు. అవి పిల్లలుగా ఉన్నప్పటి నుంచి వాటిని అదే సాకింది. చుక్కల పెట్ట అయితే దాని చంక దిగదు.

ఇక్కడ బడి ఐదో తరగతితో సరి. మీ తమ్ముడు "అక్క ఇంట్లో ఉండి సదువుకోనీ" అని పట్టుబట్టాడు కాబట్టి సరేనన్నాను. మన వైపు ఆడపిల్లను చుట్టాలింట్లో ఉంచేటప్పుడు ఉత్త చేతులతో పంపరు కదా. పిల్ల తినే కూటికి కోళ్ళు చెల్లు. ఆ రోజు మా వాకిట్లో మీరు నలుగురి ముందూ నవ్వుతూ, "కోళ్ళు ఉన్నన్ని దినాలు పిల్ల నా బిడ్డే. కోళ్ళు లేనినాడు మీ బిడ్డను మీరు పిల్చుకొని పోండి" అన్నారు. నవ్వుతూ అన్నా మాట మాటే వదినా. అందుకే మంచి పెట్టలను చూసి, పుంజును కూడా జత చేసి పంపాను.

గూట్లో వారానికొకసారి బూడిద చల్లించండి, పేలు పట్టవు. సాయంత్రం గూడు మూసే పని నందినికే అప్పగించండి, అవి దాని గొంతుకే వస్తాయి. ఇంకొక మాట. పిల్లకు ఒంటరిగా పడుకునే అలవాటు లేదు. కొత్త చోటు కదా, కొన్నాళ్ళు మీ పక్కన పడుకోబెట్టుకోండి.

మీ మరదలు,
గురవమ్మ


తిరుపతి, కొర్లగుంట,
జూలై 1995.

గురవమ్మకు,

నీ ఉత్తరం చేరింది. కోళ్ళ గురించి ముప్పాతిక, పిల్ల గురించి పావు రాశావు. నీకు ఏది ఎక్కువో తెలిసింది, నేనూ దానికి తగ్గట్టే చూసుకుంటున్నాను.

నా పక్కన పడుకోబెట్టుకోమన్నావు. నీ కూతురికి గురక ఉంది. పిల్లకు గురక ఉందని ముందే చెప్పి ఉంటే బాగుండేది. వెనక వసారాలో, కోళ్ళ గూడు పక్కనే చాప వేయించాను. మొదట్లో ఏడ్చింది. "నీ కోళ్ళు పక్కనే ఉండాయి గదా, ఇంగ భయమేంది" అంటే నోరు మూసింది. తిండి మాత్రం బాగానే తింటోంది. మొన్న పక్కింటావిడ చూసి, వీళ్ళ ఇంట్లో పిల్లకు పెట్టరా అని అడిగింది. మా తమ్ముడి ఇల్లు కదా, నేనేమని చెప్పను?

పెట్టలు గుడ్లు పెడుతున్నాయి. చిక్కల్లా ఎర్ర పెట్టతోనే. ముక్కు కారుతోంది, కళ్ళ కింద వాచింది, గొంతులో గురగురలాడుతోంది. నేను పసుపు పూయబోతే నీ కూతురు అడ్డం వచ్చింది. "వద్దత్తా, అమ్మకు రాయి. అమ్మకు తెలుసు" అని ఒకటే పాట. ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియనట్టు! సరే, నీకు తెలిసిందేదో రాయి. కోడి పోతే నష్టం నాకేమీ లేదు, నీ కూతురి కూడే తగ్గుతుంది.

నాగరత్నమ్మ


వడమాలపేట,
జూలై 1995.

వదినకు దండాలు.

ఎర్ర పెట్టకు వచ్చింది వానకాలపు పడిశం. భయం లేదు. అయితే మొదటి పని, దాన్ని మిగతా వాటి నుంచి వేరు చేయండి. దూరంగా ఒక గంప కింద మూసి పెట్టండి. దాని నీళ్ళ చిప్ప వేరు, మేత వేరు. దాన్ని పట్టుకున్న చేతులు కడుక్కోకుండా మంచివాటిని ముట్టుకోకూడదు. వెల్లుల్లి, మిరియాలు నూరి, జొన్నపిండిలో కలిపి చిన్న ఉండలు చేసి మింగించండి. గోరువెచ్చని ఉప్పు నీళ్ళతో ముక్కు, కళ్ళు తుడవండి. కోడికి ఏ జబ్బు వచ్చినా వేరుగా పెట్టడమే సగం మందు వదినా. మిగతా సగం దాని అదృష్టం. నందినికి చెప్పండి, ఇదంతా అది ఇక్కడ చేసిందే.

వసారాలో జల్లు కొడుతుందేమో. మీ ఇంట్లో పాత దుప్పటి ఏదైనా ఉంటే ఇవ్వండి. లేదంటే నేను శాంతయ్య చేత పంపుతాను. మా వీధిలో చామంతి తోట శాంతయ్య తెలుసు కదా, పూల మార్కెట్టుకు తిరుపతి వస్తూనే ఉంటాడు. పిల్ల గురక సంగతి నాకు తెలియదు. ఇక్కడ నా పక్కన పడుకున్నప్పుడు ఎప్పుడూ వినలేదు.

దసరా సెలవులకు నందినిని పంపండి. మీ తమ్ముడు వచ్చి తీసుకువస్తాడు.

గురవమ్మ


తిరుపతి,
అక్టోబరు 1995.

గురవమ్మకు,

ఎర్ర పెట్ట బతికింది. నీ మందు పని చేసిందని ఒప్పుకుంటున్నాను, ఇంక ఆ గొప్ప నాకు మళ్ళీ రాయక్కర్లేదు. ఇప్పుడు మా వీధిలో నాటు గుడ్డంటే నాగరత్నమ్మ ఇల్లే. బాలింతలున్న ఇళ్ళవాళ్ళు ముందే చెప్పి పెట్టుకుంటున్నారు.

దసరాకు పంపమన్నావు. పంపను. పిల్ల అక్కడికి వస్తే కోళ్ళను ఎవరు చూస్తారు, నేనా? గూడు కడగాలి, తవుడు కలపాలి, గద్ద రాకుండా పెరట్లో కాపలా ఉండాలి. నాకు మోకాళ్ళ నొప్పులు. ఆ సంగతి నువ్వు ఒక్క ఉత్తరంలోనూ అడగలేదు.

నీ కూతురి పెంపకం గురించి కూడా కొంచెం రాయాలి. మొన్న ఒక గుడ్డు తగ్గింది. అడిగితే చుక్కల పెట్ట ఈ రోజు పెట్టలేదంది. దగ్గరికి పిలిచి నోరు వాసన చూశాను. పచ్చి గుడ్డు తాగింది. కొట్టలేదు, నేను పిల్లల్ని కొట్టే మనిషిని కాదు. "గుడ్డు తాగినావు గదా, కడుపు నిండుంటాది" అని ఆ పూట అన్నం పెట్టలేదు. ఏడుస్తుందేమో అనుకుంటే ఏడవనూ లేదు. పోయి కోడిని ఒళ్ళో పెట్టుకుని దానితో చెప్పుకుంది. తలుపు వెనక నిలబడి అంతా విన్నాను. నా మీద చెప్పినవి కొన్ని బాగానే ఉన్నాయి, నవ్వు కూడా వచ్చింది.

తలలో పేలు పడితే జుట్టు తీయించేశాను. ఎప్పుడు చూసినా గూట్లో దూరి ఉండే పిల్లకు పేలు పడవా? ఆ జుట్టుకు నూనె పెట్టి జడలు వేసి మురిసిపోయేదానివట కదా, తమ్ముడు చెప్పాడు. బాధపడకు, మళ్ళీ వస్తుంది.

నాగరత్నమ్మ


వడమాలపేట,
నవంబరు 1995.

వదినకు దండాలు.

జుట్టు సంగతి చదివి రెండు పూటలు అన్నం సహించలేదు. అయినా దాని గురించి రాయకూడదనే అనుకున్నాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

శాంతయ్య పూలు దించి మీ వీధి మీదుగా వస్తుంటే, బడి జరిగే వేళ, నందిని కనిపించిందట. గుండుకు గుడ్డ కట్టుకుని, చేతిలో గుడ్ల బుట్టతో ఇంటింటి ముందూ నిలబడుతోందట. బడికి పోలేదా అని అడిగితే, గుడ్లు అయిపోతే పోతానందట. బడికి పోయి చాలా కాలమైందని బుట్ట మోసే చెయ్యి చూస్తేనే తెలిసిందన్నాడు. చివరికి నా దగ్గర కూర్చుని కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "పాపను నేను గుర్తు పట్టలేదమ్మా. అదే నన్ను గుర్తు పట్టి పిల్సింది. మా అమ్మ బాగుండాదా శాంతయ్య మామా అని అడిగింది" అన్నాడు.

మీ తమ్ముడితో చెప్పాను. "అక్క పంపితే పిల్చుకొనొస్తా. నేనుగా పొయ్యి అడగను" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేనే బస్సెక్కి వస్తే, పిల్ల నిద్రపోతోందని గేటు దగ్గరి నుంచే పంపేశారు. పట్టపగలు నిద్రపోయే పిల్ల కాదది. నేను గేటు బయట నిలబడి ఉండగానే పెరట్లో కోళ్ళను పిలుస్తున్న దాని గొంతు వినిపించింది.

వదినా, మీకు చేతులెత్తి మొక్కుతాను. పిల్లను పంపేయండి. కోళ్ళు మీరే ఉంచుకోండి, అన్నీ మీవే. నాకు బిడ్డ చాలు.

గురవమ్మ


తిరుపతి,
డిసెంబరు 1995.

గురవమ్మకు,

కోళ్ళు నాకు వదిలేసి పిల్లను తీసుకుపోతావా? ఎంత ధర్మం! ఆ రెట్ట ఎత్తేది ఎవరు? తెల్లారకముందే లేచి గూడు తీసేది ఎవరు? పిల్ల లేని కోళ్ళు నాకెందుకు, నన్ను పనిమనిషిని చేయడానికా?

బడి మాన్పించింది నేనే. చెప్పులో రాయి పడ్డట్టు లెక్కల దగ్గర ఆగిపోతుంటే ఎంతకాలం పంపను? తమ్ముడు శ్రీనివాసులుకు అప్పుడే చెప్పాను. "నీ ఇష్టం అక్కా" అన్నాడు. నీకు చెప్పలేదా? అయ్యో పాపం. నీ మొగుడు నీకు చెప్పని సంగతులు ఇంకేమున్నాయో, ఈసారి వచ్చినప్పుడు అడిగి రాస్తానులే.

మాట మాటే అని నువ్వే రాశావు. నేనూ అదే అంటున్నాను. కోళ్ళు ఉన్నన్ని రోజులు పిల్ల ఇక్కడే. నా పెరట్లో నీ కోడి ఒక్కటీ లేనినాడు, నేనే దానికి బొట్టు పెట్టి బస్సెక్కిస్తాను. ఆ మాటకు మా ఆయన, నీ మొగుడు, నీ చుట్టాలందరూ సాక్షులు. అంతవరకు గేటు దగ్గరికి రావద్దు. శాంతయ్యను కూడా ఈ వీధిలో తిరగొద్దని చెప్పించాను. పూలమ్ముకునేవాడు పూలమ్ముకోవాలి.

నాగరత్నమ్మ


వడమాలపేట,
డిసెంబరు 1995.

వదినకు దండాలు.

మీరు రాసింది నిజం. ఇచ్చిన మాట ఇద్దరికీ ఒకటే. తల్లి ప్రాణం కదా, తొందరపడి ఏదో రాశాను, మనసులో పెట్టుకోకండి. ఇక నందినిని పంపమని అడగను. మీ మోకాళ్ళ నొప్పులకు ఆముదం కాచి పంపుతున్నాను, వేడి చేసి పట్టించుకోండి.

చలి పోయి ఎండ ముదిరే లోపు కోళ్ళకు తెగులు తగిలే కాలం. ఏ కొంచెం తేడా కనిపించినా నాకు రాయండి. ఇరుగుపొరుగును అడగకండి, తలా ఒక మందు చెబితే కోడి నలిగిపోతుంది. నేనున్నాను కదా.

గురవమ్మ


తిరుపతి,
ఫిబ్రవరి 1996.

అమ్మా గురవమ్మా,

ఈ ఉత్తరాన్ని శాంతయ్యను మార్కెట్లో వెతికించి వాడి చేతికిచ్చాను. పోస్టులో వేస్తే ఆలస్యమవుతుంది. జవాబు వాడితోనే పంపు.

చుక్కల పెట్టకు బాగాలేదు. నిన్నటి నుంచి మేత ముట్టలేదు. పచ్చగా రెట్ట వేస్తోంది. రెక్కలు వేలాడేసి ఒక మూల నిలబడుతుంది, మెడ పక్కకు మెలి తిరిగిపోతోంది. నోరు తెరిచి గాలి పీలుస్తోంది. పక్కింటి వాళ్ళ కోళ్ళకూ ఇలాగే మొదలై అన్నీ పోయాయి. కొక్కెర తెగులు అంటున్నారు. మన మిగతావి ఇప్పటికి బాగానే ఉన్నాయి, మేత తింటున్నాయి.

పిల్ల దాన్ని ఒళ్ళో పెట్టుకుని వసారాలోనే కూర్చుంది. అన్నం తినమంటే తినదు. లేపుదామని చెయ్యి పట్టుకుంటే వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఏమిటో నాకూ అన్నం దిగలేదు. పొద్దున లేస్తే ఆ గోల వినడం అలవాటైపోయింది గురవమ్మా. నాకు కడుపున పిల్లలు లేరు, నీకు తెలియనిది కాదు. ఇల్లంతా కోళ్ళ సందడి, వాటి వెనక ఈ పిల్ల సందడి. అవి లేకపోతే ఈ ఇంట్లో ఏముంది?

మా ఆయన పశువుల ఆసుపత్రికి తీసుకుపొమ్మంటున్నాడు. మంచివాటికి సూది వేస్తారట. నాకు నీ మాట మీదే నమ్మకం. పోయినసారి బతికించింది నీ మందే కదా. ఏం చేయాలో వివరంగా రాయి, అక్షరం తప్పకుండా చేయిస్తాను.

నాగరత్నమ్మ


వడమాలపేట,
ఫిబ్రవరి 1996.

వదినకు దండాలు.

శాంతయ్య వాకిట్లో నిలబడి ఉన్నాడు, గబగబా రాస్తున్నాను. మీరేమీ కంగారుపడకండి.

ఇది పడిశం లాంటిది కాదు, చలి లోపలికి పోయిన జబ్బు. కాబట్టి చుక్కల పెట్టను ఒంటరిగా ఉంచొద్దు. అన్నింటినీ దానితో కలిపి ఒకే గూట్లో మూయండి. ఒకదాని వేడి ఒకదానికి తగలాలి. గాలి రాకుండా గూటి తలుపుకు గోనెపట్టా కట్టండి. పసుపు కలిపిన నీళ్ళు ఒకే తొట్టిలో పోయండి. మొదట చుక్కల పెట్టకు తాగించి, అది మూతి పెట్టిన నీళ్ళే మిగతావి తాగేట్టు చూడండి. అప్పుడే మందు అన్నింటికీ సమంగా పడుతుంది. రెండు రోజులు గూడు తీయకండి.

ఆసుపత్రికి వద్దు. సూది పడితే పెట్టలు గుడ్లు మానేస్తాయి, మళ్ళీ పెట్టవు. ఇన్నాళ్ళు మీరు పడ్డ శ్రమ దండగైపోతుంది.

ఇదంతా మీరు చేయకండి, మీ మోకాళ్ళకు కష్టం. నందిని చేతే చేయించండి. దాని చెయ్యి కోళ్ళకు అచ్చివచ్చిన చెయ్యి. అమ్మ చెప్పిందని చెప్పండి, మారు మాట్లాడదు.

గురవమ్మ


తిరుపతి,
ఫిబ్రవరి 1996.

గురవమ్మకు,

ఒక్కటీ లేదు.

నువ్వు చెప్పినట్టే చేశాం. నీ ఉత్తరం చదివి వినిపిస్తే పిల్ల ఒకసారి అడిగింది. "పోయినసారి వేరేగా పెట్టమనింది గదత్తా, ఇప్పుడేంది అన్నీ కలిపి?" అని. నేనే కసిరాను. మీ అమ్మకంటే నీకు ఎక్కువ తెలుసా అన్నాను. అది పెరట్లో తిరుగుతున్న వాటిని ఒక్కొక్కదాన్నే పేరు పెట్టి పిలిచి, పట్టుకుని గూట్లోకి పంపింది. పుంజు రానని పెనుగులాడింది. దాన్ని బుజ్జగించి, ముద్దు పెట్టుకుని మరీ లోపలికి తోసింది.

గోనెపట్టా విప్పేసరికి సగం పోయి ఉన్నాయి. మిగతావి మెడలు తిప్పుకుంటూ మరుసటి రోజుకు పోయాయి. ఆఖరున పోయింది పుంజు. పిల్ల నన్ను ముట్టుకోనివ్వలేదు. పారతో తనే గుంట తీసి, తనే పూడ్చింది. చేతులు బొబ్బలెక్కాయి. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండేది.

నాగరత్నమ్మ


వడమాలపేట,
మార్చి 1996.

వదినకు దండాలు.

ఉత్తరం చూసి మనసు వికలమైంది. మీరు మాత్రం ఏం చేస్తారు, చేయాల్సిందంతా చేశారు. తెగులు ముందు మన ప్రయత్నం ఎంత? మూగ జీవాలకు అంతవరకే రాసిపెట్టి ఉంది.

ఇక మీకు పిల్లతో పని లేదు కదా. శుక్రవారం మీ తమ్ముడిని పంపుతున్నాను. మీరు ఇచ్చిన మాట గుర్తు చేయాల్సిన అవసరం లేదని నాకు తెలుసు. నందినికి ఇష్టమని కజ్జికాయలు చేశాను, మొదట దాని చేతికి ఇవ్వండి. మామిడిపండు రంగు గుడ్డ తెచ్చి పావడా కుట్టించాను. ఎంత పొడుగైందో తెలియక అంచు లోపలికి మడిచి ఉంచాను. జుట్టు ఎంత వచ్చిందో? జడ రాకపోయినా ఒక రిబ్బను కట్టొచ్చేమో.

ఇక్కడ తెల్ల పెట్ట గుడ్లు పొదిగి పిల్లలను లేపింది. నందిని వస్తే చూసుకుంటుంది, కొన్నాళ్ళకు అన్నీ మరిచిపోతుంది. చిన్నపిల్ల కదా. దాని చాప నా మంచం పక్కనే వేసి ఉంచానని చెప్పండి.

గురవమ్మ


తిరుపతి,
శుక్రవారం.

గురవమ్మకు,

శ్రీనివాసులు వచ్చాడు. నేను మాట తప్పే మనిషిని కాదు. పిల్ల గుడ్డలు మూట కట్టి, ముఖం కడిగించి, బొట్టు పెట్టి ముందుగదిలో కూర్చోబెట్టాను. నీ కజ్జికాయల డబ్బా దాని ఒళ్ళోనే పెట్టాను. పావడా చూసి చేత్తో నిమిరింది కూడా. మొన్నటి నుంచి దాని ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

తమ్ముడికి అన్నం పెట్టాను. పాపం మీ కోళ్ళు ఎలా ఉన్నాయిరా అని అడిగాను. నోట్లో మాట నిలవదు వాడికి. ఆ సంగతి తెలిసి కూడా వాణ్ణే పంపావు. "ఆడ అన్నీ బాగుండాయక్కా. కార్తీకంలో పశువుల డాక్టరు ఊరికి వచ్చినాడు గదా, మా యింటిది అన్నిటికీ సూది ఏయించింది. తెగులొచ్చిందాన్ని ఏరే పెట్టకపోతే ఒక్కటీ మిగల్దని ఊళ్ళో అందరికీ అదే సెప్పినాది" అన్నాడు. చెప్పి, ఇంకొంచెం పులుసు పొయ్యమన్నాడు.

కోళ్ళు పోయాక మా ఆయన ఆసుపత్రిలో అడిగి వచ్చాడు. జబ్బుదాన్ని విడిగా పెట్టి మంచివాటికి సూది వేయించి ఉంటే చాలావరకు దక్కేవన్నారట. అన్నీ కలిపి మూయమని ఏ మహానుభావుడు చెప్పాడని నవ్వారట. అప్పుడు కూడా నేను నిన్ను వెనకేసుకొచ్చాను. పల్లెటూరి మనిషి, తెలియక చెప్పింది అన్నాను. నీకు తెలియంది ఏమీ లేదు గురవమ్మా.

నేను మంచిదాన్నని ఎక్కడా రాసుకోలేదు. నీ కూతురికి అన్నం మానిపించాను, జుట్టు తీయించాను, బడి మాన్పించి గుడ్లు అమ్మించాను. ఇంకా ఏవైనా ఉంటే ఉండొచ్చు. అయితే ఆ పిల్ల చేతుల మీదుగానే ఆ పిల్ల కోళ్ళను చంపించాలన్న ఆలోచన నాకు రాలేదు. అది కన్నతల్లికే వచ్చింది.

పిల్లకు చెప్పకుండా ఉండొచ్చు. ఎందుకు ఉండాలి? నాకున్న ఆ కాస్త సందడిని నువ్వు గోనెపట్టా కింద పెట్టి చంపించావు. ముందుగదిలోకి పోయి, "మీ అమ్మకు అంతా తెలుసు. తెలిసే నీ సేత సేయించింది" అని చెప్పేశాను. నమ్మదనుకున్నాను. నా మీదికి పోట్లాటకు వస్తుందని, నీ తరఫున నన్ను రక్కుతుందని అనుకున్నాను. అది నా వైపు చూడనే లేదు. చెయ్యి కడుక్కుంటున్న వాళ్ళ నాయన దగ్గరికి పోయి, "మన కోళ్ళకు సూది ఏయించినారా నాయనా?" అని అడిగింది. "ఏయించినాము పాపా. ఒక్కటి గూడా పోలేదు" అన్నాడు ఆ తెలివిగలవాడు, సంతోషపెడుతున్నాననుకుని.

పిల్ల డబ్బా నేల మీద పెట్టింది. పావడా మడిచి దాని మీద పెట్టింది. బస్సుకు టైమైంది లే అని వాడు చెయ్యి పట్టుకుంటే, విడిపించుకుని తలుపు పట్టుకుంది. నేను కూడా పొమ్మన్నాను. నిజంగానే అన్నాను, ఈ ఒక్కటి నమ్ము. ఇక్కడ నేను పెట్టే సుఖం ఏముందని ఉంటుంది? మీ ఇంట్లో కొత్తగా పుట్టిన కోడిపిల్లలున్నాయట, పోయి చూసుకోమన్నాను. ఆ మాట వినగానే వెనక్కి వెనక్కి జరిగి గోడకు ఆనుకుపోయింది.

"నేను ఊరికి రాను నాయనా. ఆడ గూడా కోళ్ళుండాయి" అంది.

శ్రీనివాసులుకు ఏమీ అర్థం కాలేదు. వాడికి నేను చెప్పలేదు, ఈ కవరు అంటించి వాడి చేతికే ఇస్తున్నాను. చెప్పుకుంటావో, చించి పొయ్యిలో వేసుకుంటావో నీ ఇష్టం. కజ్జికాయలు, పావడా తిప్పి పంపుతున్నాను. పిల్ల వసారాలో ఖాళీ గూటి పక్కన పడుకుంది. లోపలికి వచ్చి నా పక్కన పడుకోమని ఇవాళ నేనే పిలిచాను, రాలేదు.

వాడు ఒక్కడే వస్తున్నాడు. ఇద్దరికని వండి పెట్టుకుని కూర్చోకు.

నాగరత్నమ్మ